వందలోంచి ఏడు

మూసీ గాలి ఇటు తిరిగినప్పుడల్లా
మా గది కిటికీ మూసేస్తాం.
ఓపీ చీటీల కట్ట, రెండు కుర్చీలు,
ముప్పై మార్కుల కాగితం,
గోడకి మూడేళ్ల కిందటి క్యాలెండరు.
తీసేయమని ఎన్నిసార్లు చెప్పానో!
తారీకు అడిగే గదిలో తప్పు తారీకు.

ఇవాళ పదకొండో చీటీ దాసరి పోచమల్లు,
డెబ్బై ఆరు, మెహదీపట్నం డిపోలో
ముప్పై ఒక్కేళ్లు కండక్టరు.
చొక్కా గుండీలు ఒకదాని కాజాలో ఇంకొకటి.
వెంట కోడలు అనసూయ, ఒళ్లో టిఫిను డబ్బా.
అడిగినవన్నీ ఆవిడే చెప్పేస్తుంటే
వేలు పెదవుల మీద పెట్టి ఆపాను.

ఇవాళ ఏ వారం? నవ్వాడు.
ఇది ఏ ఊరు? "పట్నం."
హైదరాబాద్ అనలేదు, అయినా ఒక మార్కు వేశాను.
గొడుగు, నిమ్మకాయ, తాళం,
ఈ మూడూ గుర్తుపెట్టుకోండి అంటే
సరేనన్నాడు, అప్పుడే మర్చిపోతూ.

వందలోంచి ఏడు తీసేస్తే ఎంత?

చాలాసేపు నా చేతులకేసి చూశాడు.
"ఎవల వంద, బిడ్డా?"

లెక్కే పెద్దాయనా, ఊరికే లెక్క.

"ఊకెనే ఎట్ల తీస్తరు?
ఏడు తీస్కున్నదెవడు? ఎందుకు తీస్కుండు?
ఇచ్చినామె బండిల ఉన్నదా, దిగిపోయిందా?"

కాగితంలో ఈ జవాబుకి గడి లేదు.
సున్నా చుట్టాను.
చుట్టాక పెన్ను పైకి లేవలేదు.

తెలివి నాకు తెలుసు. నా జీతం దాన్ని కొలిచినందుకే:
ఎంత వేగం, ఎన్ని మిగిలాయి, ఎక్కడ జారింది.
తెలివి తప్పి పడ్డవాళ్ల మొహాన
చెంబెడు నీళ్లు చల్లితే తెలివిలోకొస్తారు.
బుద్ధికి ఏ నీళ్లు చల్లాలి?
పదో తరగతిలో నేను ఫస్టొచ్చిన రోజు
మా అమ్మ మార్కుల కాగితం అటూ ఇటూ తిప్పి
"తెలివికేం, ఉంది. బుద్ధే ఎప్పుడొస్తుందో" అంది.
సుగుణ నోట్సు పరీక్షలయ్యేదాకా
నా పరుపు కింద ఉన్న సంగతి
ఆమెకెవరు చెప్పారో ఇప్పటికీ తెలీదు.

పోచమల్లు ఇంకా ఆ బస్సులోనే ఉన్నాడు.
"పురానాపూల్ కాడ దిగింది.
సంకల పోరడు, ఒళ్లు కాల్తున్నది వానికి.
వంద నోటిచ్చింది. చిల్లర లేదు నా కాడ.
టికెట్టు ఎన్క రాసిచ్చిన.
అది సూడకనే దిగి ఉరికింది."

ఎంతని రాశారు?

"ఎంతనో యాదికొస్తలేదు.
బాకీ ఉన్నట్టు యాదికున్నది."

అనసూయ అప్పుడు గొంతు తగ్గించి,
"ఇంట్ల ఒక డబ్బా ఉంది మేడం, బిస్కెట్లది.
పైసలు మడిచి అండ్ల పెట్టిండు. పండుగకైనా ముట్టనియ్యడు.
ఆమెవి అంటడు.
ఏ ఆమెనో అని మా అత్త
సచ్చేదాక కొట్లాడింది" అంది.

ఎంతుందో లెక్కపెట్టారా అని
నాలిక చివరిదాకా వచ్చింది.
మింగేశాను.

ముప్పైకి పదకొండు.
మందులు రాసే డాక్టరుగారి గదికి పంపాను.
గుమ్మం దాటుతూ, ముందుకి జరగండి, ముందుకి జరగండని
వరండాలో నిలబడ్డవాళ్లకి దారి సర్దాడు.
జరిగారు కూడా.

సాయంత్రం అఫ్జల్‌గంజ్‌లో బస్సెక్కాను.
కుర్ర కండక్టరు, మెడలో మిషను,
ఆధార్ కార్డు చూడకుండానే
ఆడవాళ్లకిచ్చే సున్నా టికెట్టు చింపి ఇచ్చాడు.
పురానాపూల్ దాటేదాకా దాన్ని చేతిలోనే ఉంచుకుని
ఒకసారి వెనక్కి తిప్పి చూశాను.
ఏమీ రాసి లేదు.